అమెరికాలో స్టూడెంట్ లోన్: దివాలాతో పోతుందా, పోదా? పూర్తి వివరాలతో చర్చ

1. కృష్ణాతీరం

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా ఒకటే జవాబు వినిపిస్తుంది: "బ్యాంక్‌రప్టసీలో క్రెడిట్ కార్డులు పోతాయి, ఆసుపత్రి బిల్లులు పోతాయి, స్టూడెంట్ లోన్ మాత్రం చచ్చేదాకా వదలదు." ఆ మాట నమ్మి అసలు అడగడమే మానేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అందుకే ఈ థ్రెడ్.

చట్టంలో ఉన్నది ఇది. దివాలా చట్టం 523(ఎ)(8) సెక్షన్ ప్రకారం స్టూడెంట్ లోన్ దానంతట అది రద్దు కాదు. అప్పు కడితే బాకీదారుకూ అతని మీద ఆధారపడినవాళ్లకూ "అనుచితమైన కష్టం" కలుగుతుందని కోర్టు ఒప్పుకుంటే రద్దవుతుంది. అంటే తలుపుంది, దానికి వేరే తాళం ఉంది. దివాలా కేసు లోపలే ఇంకో దావా వేయాలి. దాని పేరు అడ్వర్సరీ ప్రొసీడింగ్. అది వేయకుండా చాప్టర్ 7 (ఉన్న ఆస్తితో తీర్చి మిగతా అప్పులు రద్దు చేసే మామూలు దివాలా కేసు) ముగించేస్తే లోన్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, అంతకాలం వడ్డీ కూడా పెరుగుతూనే ఉంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అక్షరాలా అదే జరుగుతోంది. జేసన్ యూలియానో అనే న్యాయశాస్త్ర పరిశోధకుడు 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, స్టూడెంట్ లోన్ ఉండి దివాలాకు వెళ్లినవాళ్లలో ఈ దావా వేసింది వెయ్యికి ఒక్కరు. వేసినవాళ్లలో పదిమందికి దాదాపు నలుగురికి పూర్తిగానో కొంతగానో రద్దు దొరికింది. అది పాత నిబంధనల కాలపు లెక్క. 2022 తర్వాత ఫెడరల్ లోన్ల విషయంలో దారి ఇంకా సులువైంది.

తెలిసినవాళ్లు తలా ఒక భాగం రాయండి. సొంత కథలు వద్దు, పనికొచ్చే వివరం కావాలి.

2. లెక్కలమాస్టారు

ముందు చరిత్ర నాలుగు మాటల్లో. 1976కు ముందు ఈ అప్పు కూడా మిగతావాటిలాగే పోయేది. ఆ ఏడాది చట్టం మార్చి, చెల్లింపు మొదలై 5 ఏళ్లు గడవాలన్నారు. 1990లో అది 7 ఏళ్లయింది. 1998లో గడువు మార్గాన్నే ఎత్తేసి, ఫెడరల్ లోన్లకు "అనుచిత కష్టం" ఒక్కటే మిగిల్చారు. 2005లో ప్రైవేటు లోన్లను కూడా ఇందులోకి లాగారు. "7 ఏళ్లు దాటితే పోతుందట" అని ఇప్పటికీ ఎవరైనా చెబితే, అది 1998కి ముందు మాట.

అనుచిత కష్టమంటే ఏమిటో చట్టం చెప్పలేదు. 1987లో బ్రన్నర్ కేసులో రెండో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్) అప్పీలు కోర్టు మూడు మెట్లు పెట్టింది. ఇప్పుడున్న ఆదాయంతో అప్పు కడుతూ కనీస స్థాయి బతుకు సాగదు. ఆ పరిస్థితి చెల్లింపు కాలంలో చాలాభాగం అలాగే కొనసాగేట్టుంది. కట్టడానికి నిజాయితీగా ప్రయత్నించారు. మూడూ రుజువు కావాలి. దేశంలో ఎక్కువ కోర్టులు ఇదే పాటిస్తాయి. ఎనిమిదో సర్క్యూట్‌ది మాత్రం వేరే పద్ధతి, మొత్తం పరిస్థితులన్నీ కలిపి చూస్తుంది. మన విద్యార్థులు ఎక్కువగా చేరే మిస్సోరి దాని కిందికే వస్తుంది, కాబట్టి అక్కడ దావా రాసేటప్పుడు బ్రన్నర్ మెట్ల చుట్టూనే తిరగనక్కర్లేదు.

3. అట్లాంటా_రమణి

మాస్టారు గారు, ఒక్క మాట కలుపుతాను. బ్రన్నర్ తీర్పు కంటే, ఆ తర్వాత కింది కోర్టులు దాన్ని వాడిన తీరు కఠినంగా ఉండేది. "ఆశకు తావులేని పరిస్థితి" ఉండాలన్నంతవరకూ వెళ్లారు. 2022 నవంబరు 17న న్యాయశాఖ, విద్యాశాఖ కలిసి మార్గదర్శకాలు ఇచ్చింది అందుకే. చట్టం మారలేదు. ప్రభుత్వ లాయరు ఎప్పుడు ఎదురు వాదించాలి, ఎప్పుడు ఒప్పుకోవాలి అన్నది మారింది. 2024 జులైలో న్యాయశాఖ ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ పద్ధతి కింద కోర్టులు తేల్చిన కేసుల్లో 98 శాతానికి పూర్తిగానో కొంతగానో రద్దు వచ్చింది.

అయితే ఇది విద్యాశాఖ చేతిలో ఉన్న లోన్లకే: డైరెక్ట్ లోన్లు, పేరెంట్ ప్లస్ (పిల్లల చదువుకు తల్లిదండ్రుల పేరున ఇచ్చేది), విద్యాశాఖ తీసుకున్న పాత ఎఫ్‌ఎఫ్‌ఈఎల్, పెర్కిన్స్ లోన్లు (మొదటిది బ్యాంకులు ప్రభుత్వ హామీతో ఇచ్చినది, రెండోది కాలేజీల ద్వారా ఇచ్చినది). కాలేజీ చేతిలోనే ఉన్న పెర్కిన్స్‌కు గానీ, గ్యారంటీ ఏజెన్సీ దగ్గరున్న ఎఫ్‌ఎఫ్‌ఈఎల్‌కు గానీ, ప్రైవేటు లోన్లకు గానీ ఇది వర్తించదు. అందుకని మొట్టమొదటి పని: స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్‌లో లాగిన్ అయి, "మై ఎయిడ్ డేటా" ఫైలు దింపుకుని, ఒక్కో లోన్ రకమేదో, ఎవరి చేతిలో ఉందో రాసుకోవడం. అందులో కనిపించని లోన్ ఏదైనా ఉంటే అది దాదాపుగా ప్రైవేటుదే.

4. గోదారిగట్టు

2022 పద్ధతి కింద ప్రభుత్వ లాయరుకు నింపి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ఏముంటుందో ఎవరైనా విడమరిచి చెప్పండి. లాయర్లు కూడా అది దింపుకుని నింపండి అంటారే తప్ప, ఎక్కడ పట్టుకుంటారో చెప్పరు.

5. అట్లాంటా_రమణి

గోదారిగట్టు గారూ, అది ప్రమాణ పత్రం. తప్పు రాస్తే అబద్ధపు సాక్ష్యం కింద నేరమవుతుంది. బ్రన్నర్ మూడు మెట్లకూ అందులో మూడు భాగాలున్నాయి.

మొదటిది ఇప్పటి స్తోమత. ఇంటి మొత్తం స్థూల ఆదాయం రాస్తారు, భార్యాభర్తలిద్దరిదీ. అందులోంచి పన్నులు, ఖర్చులు తీసేస్తారు. తిండి, బట్టలు, ఇంటి సరుకులు వంటివాటికి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) జాతీయ ప్రమాణాలున్నాయి, ఇంటి అద్దెకు, కారుకు స్థానిక ప్రమాణాలున్నాయి. ఆ హద్దుల్లో ఉంటే ప్రశ్నలు తక్కువ. దాటితే ఎందుకో రాసి కాగితం జతచేయాలి. మిగిలినది స్టాండర్డ్ ప్లాన్ నెలవారీ చెల్లింపుకు చాలకపోతే మొదటి మెట్టు దాటినట్టే.

ఒక ఊహాలెక్క, టెక్సస్‌లో ఒంటరి మనిషికి:

నెల స్థూల జీతం 3,850 డాలర్లు
సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, ఫెడరల్ పన్ను కలిపి సుమారు 579
అద్దె, కరెంటు, నీళ్లు 1,450
తిండి, బట్టలు, ఇతర ఇంటిఖర్చు 790
కారు వాయిదా 350
పెట్రోలు, కారు బీమా, మరమ్మతు 350
ఆరోగ్య బీమా, మందులు 240
మిగులు: 91

52,000 డాలర్ల లోన్‌కు 6.8 శాతం వడ్డీతో 10 ఏళ్లకు నెలకు సుమారు 598 డాలర్లు పడుతుంది. 91 ఎక్కడ, 598 ఎక్కడ? "నెలకు 91 మిగులుతోంది కదా, కట్టు" అనడానికి వీల్లేదు. పూర్తి వాయిదా కట్టగలిగితేనే స్తోమత ఉన్నట్టు.

ఇక్కడ జనం చేసే పెద్ద పొరపాటు, డబ్బుల్లేక మానుకున్న ఖర్చును సున్నా అని రాసేయడం. పంటి చికిత్స వాయిదా వేసుకుని, అరిగిపోయిన టైర్ల మీదే బండి నడుపుతూ, రాసేటప్పుడు "మిగులు 300" అని చూపిస్తారు. తీరని అవసరాలు రాసుకునే చోటు ఫారంలోనే ఉంది. కనీస బతుకుకు ఏం కావాలన్నది అక్కడి ప్రశ్న. కడుపు మాడ్చుకుంటూ ఎంతలో గడుపుతున్నారన్నది కాదు.

6. అట్లాంటా_రమణి

(కొనసాగింపు) రెండోది రాబోయే కాలం. ఇక్కడ అయిదు పరిస్థితులున్నాయి. వాటిలో ఏదైనా ఉంటే ముందుముందూ కట్టలేరనే ప్రభుత్వ లాయరు భావించాలి: వయసు 65 లేదా ఆపైన; సంపాదన మీద ప్రభావం చూపే వైకల్యం లేదా దీర్ఘకాలిక గాయం; గత 10 ఏళ్లలో కనీసం 5 ఏళ్లు ఉద్యోగం లేకపోవడం; లోన్ తీసుకున్న డిగ్రీ పూర్తికాకపోవడం; చదువు కాలం కాకుండా లోన్ చెల్లింపు దశలోకి వచ్చి కనీసం 10 ఏళ్లు గడవడం.

చివరిది చాలామందికి తెలియదు. 2012లో చదువు ముగిసి, 2013 నుంచి వాయిదాలు మొదలైన లోన్ ఇప్పటికే 10 ఏళ్లు దాటింది. మధ్యలో ఫోర్‌బేరెన్స్‌లో (వాయిదాలు తాత్కాలికంగా ఆపుకున్న కాలంలో) ఉన్న నెలలూ లెక్కలోకి వస్తాయి. ఈ అయిదింటిలో ఏదీ లేకపోయినా దారి మూసుకుపోదు, కారణాలు విడిగా రుజువు చేసుకోవాలి, అంతే.

మూడోది నిజాయితీ ప్రయత్నం. ఒక్క వాయిదా కట్టినా, డిఫర్‌మెంట్‌కో ఫోర్‌బేరెన్స్‌కో దరఖాస్తు చేసినా, ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌కు అర్జీ పెట్టినా, సర్వీసర్ (లోన్ బిల్లులు పంపి వాయిదాలు వసూలు చేసే సంస్థ) ఉత్తరానికి జవాబిచ్చినా సాక్ష్యమే. ఆదాయపు ప్లాన్‌లో చేరలేదన్న ఒక్క కారణంతో నిజాయితీ లేదనకూడదని మార్గదర్శకాల్లో ఉంది. సర్వీసర్లు మారినప్పుడు పాత రికార్డులు సగం కనబడవు. అందుకే మీ ఈమెయిళ్లు, కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ దగ్గర ఉంచుకోండి.

7. సెయింట్‌లూయిస్_శ్రీను

దావా వేసే పని వరుసగా రాస్తున్నా. చాప్టర్ 7 పిటిషన్‌కు ముందు 180 రోజుల లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ కోర్సు తప్పనిసరి. కోర్టు ఫీజు 338 డాలర్లు. ఆదాయం పేదరికపు గీతకు 150 శాతం లోపుంటే మాఫీ అడగొచ్చు, లేదా వాయిదాల్లో కట్టొచ్చు. స్టూడెంట్ లోన్‌ను పిటిషన్‌తో ఇచ్చే అప్పుల జాబితా, షెడ్యూల్ ఈ/ఎఫ్‌లో చూపాలి. ఇక్కడే గళ్లలో "స్టూడెంట్ లోన్" దగ్గర టిక్ పెడతారు.

తర్వాత అసలు దావా. కంప్లయింట్ రాసి, ఫారం 1040 కవర్‌షీట్ జతచేయాలి. పన్ను రిటర్న్ నంబరు కూడా 1040నే, కోర్టు వెబ్‌సైటు నుంచి దివాలా ఫారమే దింపుకోండి. ఈ దావాకు మామూలుగా ఫీజు 350 డాలర్లు, కానీ బాకీదారే వాది అయితే ఒక్క డాలరూ కట్టనక్కర్లేదు. 350 లేక ఆగిపోయినవాళ్లకు ఇది చెప్పండి.

ప్రతివాది పేరు దగ్గర చాలా కేసులు దెబ్బతింటాయి. నెల నెలా బిల్లు పంపే సర్వీసర్ పేరు పెట్టేస్తారు. సర్వీసర్ గుమస్తా మాత్రమే, అప్పు ఇచ్చినవాడు కాదు. ఫెడరల్ లోన్‌కు ప్రతివాది అమెరికా విద్యాశాఖ. ప్రైవేటు లోన్‌కైతే ఇప్పుడు ఆ అప్పు ఎవరి చేతిలో ఉందో వాళ్లు. అది ఒక్కోసారి బ్యాంకు కాదు, బ్యాంకు నుంచి కొనుక్కున్న ట్రస్టు.

సమన్లు ఫారం 2500ఎ మీద క్లర్కు ఇస్తాడు. ఇచ్చిన 7 రోజుల్లోపు పోస్టు చేయాలి. ఎనిమిదో రోజు పోస్టు చేస్తే చెల్లదు, మళ్లీ కొత్త సమన్లు తీసుకోవాలి. విద్యాశాఖ మీద దావాకు మూడు కవర్లు: మీ జిల్లా యూఎస్ అటార్నీ ఆఫీసులో సివిల్ ప్రాసెస్ క్లర్కుకు ఒకటి, వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్‌కు ఒకటి, విద్యాశాఖకు ఒకటి. ఫస్ట్ క్లాస్ పోస్టు చాలు. ఒక్కటి మరిచినా సర్వీసు పూర్తికానట్టే. పోస్టు చేశాక ఏ రోజు, ఎవరికి, ఏ చిరునామాకు పంపారో రాసి కోర్టులో దాఖలు చేయాలి. జవాబివ్వడానికి ప్రభుత్వానికి సమన్లు జారీ అయిన రోజు నుంచి 35 రోజులు, మిగతావాళ్లకు 30.

ఆ తర్వాత అటెస్టేషన్ ఫారం యూఎస్ అటార్నీ ఆఫీసుకు వెళ్తుంది. వాళ్లు విద్యాశాఖ నుంచి లోన్ చరిత్ర తెప్పించుకుని సరిచూస్తారు. ఒప్పుకుంటే ఇద్దరూ సంతకం పెట్టిన స్టిప్యులేషన్ (ఒప్పంద పత్రం) కోర్టుకు వెళ్తుంది. రద్దు చేసేది మాత్రం జడ్జి ఆర్డరే.

8. గోదారిగట్టు

ఇంతకుముందే చాప్టర్ 7 అయిపోయినవాళ్ల సంగతి? ఒకసారి డిశ్చార్జ్ (అప్పుల రద్దు ఆర్డరు) వచ్చి ఉంటే, ఆ కేసు వేసిన రోజు నుంచి 8 ఏళ్లలోపు మళ్లీ చాప్టర్ 7 వేస్తే డిశ్చార్జ్ రాదు కదా.

9. సెయింట్‌లూయిస్_శ్రీను

మళ్లీ వేయనక్కర్లేదు. పాత కేసునే తెరవొచ్చు. దివాలా నియమావళి 4007(బి) ప్రకారం ఈ రకం దావాకు గడువు లేదు, ఇందుకోసం తిరిగి తెరిస్తే రుసుమూ లేదు. కష్టం మాత్రం ఇప్పటి ఆదాయ, ఖర్చుల మీద చూపిస్తారు.

ఒక్క మెలిక ఉంది. పాత కేసు నాటికి ఉన్న అప్పుకే ఇది పనిచేస్తుంది. 2016లో దివాలా, 2019లో ఆ లోన్లన్నీ కన్సాలిడేట్ చేసుకున్నారనుకోండి. కన్సాలిడేషన్ అంటే పాతవి తీర్చి కొత్త లోన్ తీసుకోవడం. దివాలా తర్వాత పుట్టిన ఆ కొత్త అప్పు పాత కేసు కిందికి సాధారణంగా రాదు. తెరిచే ముందు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

10. ప్లేనో_పద్మజ

చాప్టర్ 13 గురించి ఎవరూ రాయలేదు. 3 నుంచి 5 ఏళ్ల ప్లాన్‌లో స్టూడెంట్ లోన్‌కు కొంత కడతారు, ప్లాన్ ముగిశాక మిగతాది అలాగే ఉంటుంది. చాలామంది 5 ఏళ్లు కట్టి, చివర్లో బాకీ ఇంకా పెరిగిందని చూసి కుంగిపోతారు. చాప్టర్ 13లోనూ అడ్వర్సరీ దావా వేయొచ్చు, కాకపోతే కొన్ని కోర్టులు ప్లాన్ చివరిదాకా ఆగమంటాయి. 13 వల్ల లాభాలు: ప్లాన్ నడిచినన్నాళ్లూ జీతం జప్తు ఉండదు, కో-సైనర్ జోలికి పోకుండా 1301 సెక్షన్ ఆపుతుంది.

"రద్దు అవుతుంది" అని ప్లాన్‌లోనే ఒక వాక్యం రాసేస్తే చాలన్నవాళ్లున్నారు. 2010లో ఎస్పినోసా కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఆర్డరును నిలబెట్టింది నిజమే, అప్పిచ్చినవాళ్లు సకాలంలో అభ్యంతరం చెప్పలేదు కాబట్టి. అదే తీర్పులో, అనుచిత కష్టం తేల్చకుండా అలాంటి ప్లాన్ ఆమోదించడం తప్పని కూడా ఉంది. జడ్జీలు ఇప్పుడు చూసి కొట్టేస్తారు. లాయర్ ఆ దారి చెబితే ఇంకో లాయర్‌ను అడగండి.

11. హనుమకొండ_టు_హోబోకెన్

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చిన మన పిల్లల సంగతి ఎక్కువగా అడుగుతున్నారు, అది రాస్తున్నా. వాళ్లకు ఫెడరల్ లోన్లు రావు, అవి పౌరులకూ గ్రీన్‌కార్డు వంటి హోదా ఉన్నవాళ్లకే. వాళ్ల అప్పులు మూడు రకాలు: పూచీకత్తు లేకుండా అంతర్జాతీయ విద్యార్థులకు ఇచ్చే ప్రైవేటు సంస్థలవి, ఇండియా బ్యాంకులవి, ఇంటివాళ్లూ బంధువులూ ఇచ్చినవి.

దివాలా వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. అమెరికాలో నివాసం లేదా ఆస్తి ఉంటే చాలు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుంటే ఐటిన్‌తో (పన్నుల శాఖ ఇచ్చే గుర్తింపు నంబరుతో) వేస్తారు. దివాలా తీయడం దానంతట అది వీసా రద్దుకు కారణం కాదు. ప్రమాణం చేసి అబద్ధం రాస్తే మాత్రం అది నేరం, దాని ప్రభావం ఇమ్మిగ్రేషన్ మీద పడుతుంది.

ప్రైవేటు లోన్‌ను చట్టం ఎప్పుడు కాపాడుతుంది? అది పన్ను చట్టం 221(డి) చెప్పే "అర్హత గల విద్యారుణం" అయినప్పుడు. ఫెడరల్ సాయానికి అర్హత ఉన్న కాలేజీ, డిగ్రీ కోర్సు, పూర్తికాలపు చదువులో కనీసం సగం కోర్సులు, కాలేజీ లెక్కగట్టిన హాజరు ఖర్చు (ఫీజు, బస, పుస్తకాల వంటివన్నీ కలిపి చదువుకయ్యే ఖర్చు) లోపు మొత్తం, కేవలం చదువుకే వాడకం, ఇవన్నీ ఉండాలి. ఒక్కటి లేకపోయినా అది మామూలు అప్పే, అనుచిత కష్టంతో పనిలేకుండా మామూలు డిశ్చార్జ్‌తోనే పోతుంది. గుర్తింపు లేని ట్రైనింగ్ సెంటర్‌కు తీసుకున్నది, హాజరు ఖర్చును మించి నేరుగా విద్యార్థి ఖాతాలో వేసినది, బార్ పరీక్ష (లాయరు లైసెన్సు పరీక్ష) ప్రిపరేషన్‌కు తీసుకున్నది ఇలాంటివే. "చదువుకు ఉపయోగపడింది కాబట్టి ఏ లోనైనా చదువు లోనే" అని అప్పిచ్చే సంస్థలు ఏళ్లపాటు వాదించాయి. 2019లో అయిదో సర్క్యూట్, 2020లో పదో సర్క్యూట్, 2021లో రెండో సర్క్యూట్ ఆ వాదనను కొట్టేశాయి. రద్దయిపోయిన ఇలాంటి లోన్లను ఇంకా వసూలు చేస్తున్న సర్వీసర్లను 2023 మార్చిలో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ హెచ్చరించింది కూడా.

అందుకని లోన్ కాగితాలు బయటకు తీసి, యూనివర్సిటీ ఆ ఏడాదికి లెక్కగట్టిన హాజరు ఖర్చు పక్కన పెట్టి చూడండి.

12. లెక్కలమాస్టారు

ఇంటివాళ్ల చేబదులు గురించి. 221(డి)లో "దగ్గరి బంధువు" ఇచ్చిన అప్పు అర్హత గల విద్యారుణం కాదు. పన్ను చట్టంలో ఆ జాబితా చిన్నది: తల్లిదండ్రులు, తాతముత్తాతలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త, పిల్లలు, మనవలు. కాబట్టి నాన్న ఇచ్చినదీ అక్క ఇచ్చినదీ చట్టం దృష్టిలో మామూలు అప్పులు, మామూలుగానే పోతాయి. బాబాయి, మేనమామ మనకు ఎంత దగ్గరివాళ్లైనా ఆ జాబితాలో లేరు. మామయ్య నోటు రాయించుకుని కేవలం ఫీజుకని ఇచ్చిన డబ్బు అర్హత గల విద్యారుణమని వాదించే అవకాశం ఉంది.

క్రెడిట్ కార్డు మీద ఫీజు కట్టి, అదే కార్డు మీద సరుకులూ కొంటే మిశ్రమ వాడకం కిందికి వస్తుంది, అది విద్యారుణం కాదు. బంగారం మీద తెచ్చిన డబ్బుకూ అదే సూత్రం. దాన్ని ఏయే వాటికి వాడారో చూస్తారు.

13. విశాఖ_వకీలు

ఇండియా బ్యాంకు లోన్ గురించి చాలా జాగ్రత్త. అమెరికా యూనివర్సిటీలో డిగ్రీకే వాడారు కాబట్టి ఇండియా బ్యాంకు ఇచ్చినదైనా 221(డి) లోపలికి రావచ్చు. అంటే అక్కడా అనుచిత కష్టం రుజువు చేయాలి. అది గెలిచారనే అనుకుందాం. ఆ ఆర్డరు ఇండియాలో ఏం చేస్తుంది?

దాదాపు ఏమీ చేయదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద అమెరికా పరస్పర అమలు దేశం కాదు, ఆ ఆర్డరును నేరుగా ఇక్కడ అమలు చేయించలేరు. అంతకంటే ముఖ్యం, దివాలాలో విడుదలయ్యేది దివాలా తీసినవాడే. కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్న విడుదల కాడు. 7.5 లక్షలు దాటిన లోన్‌కు బ్యాంకు సాధారణంగా ఆస్తి తనఖా పెట్టించుకుంటుంది. ఆ ఇల్లు బ్యాంకు చేతిలోనే ఉంటుంది. సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు కోర్టుకు పోకుండానే స్వాధీనం చేసుకునే చట్టం) 13(2) కింద నోటీసు ఇస్తే 60 రోజుల గడువు, తర్వాత స్వాధీనం. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు, కానీ సివిల్ కోర్టు, 20 లక్షలు దాటితే డీఆర్‌టీ (రుణ వసూళ్ల ట్రిబ్యునల్) దారులు ఉన్నాయి.

అబ్బాయి అక్కడ దివాలా తీస్తే అమ్మానాన్నల ఇల్లు దక్కుతుందని దయచేసి ఎవరికీ చెప్పకండి. ఆ ఆశతో ఇక్కడ వాయిదాలు ఆపేస్తే నష్టపోయేది వాళ్లే. మూడు వాయిదాలు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) కాకముందే బ్యాంకుతో కూర్చుని గడువు పొడిగింపు అడగాలి.

14. గోదారిగట్టు

మరి ఇండియాలోనే, నాన్న లేదా తిరిగొచ్చిన అబ్బాయి ఐపీ పెడితే?

15. విశాఖ_వకీలు

మనం ఐపీ అనేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద పెట్టేది. కొత్త దివాలా చట్టం, 2016 ఐబీసీలో వ్యక్తుల భాగాన్ని ఇప్పటిదాకా కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి తెచ్చారు, 2019 డిసెంబరు 1 నుంచి. అందుకని మామూలు మనుషులకు ఇంకా పాత చట్టమే. దాని కింద ఐపీ పెట్టినా తనఖా పెట్టిన ఆస్తి మీద బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. ఇంకో సంగతి: ఐబీసీ 79(15) చూడండి, రద్దు కాని అప్పుల జాబితాలో విద్యారుణం ఉంది. ఆ భాగం రేపు అందరికీ అమల్లోకి వచ్చినా స్టూడెంట్ లోన్‌కు మేలు లేదు. అమెరికాలో ఉన్న "అనుచిత కష్టం" వెసులుబాటు కూడా అందులో రాయలేదు.

16. ప్లేనో_పద్మజ

మనవాళ్లు అమెరికా దివాలాలో తప్పు చేసే చోటు ఇంకొకటి, ఇండియా ఆస్తులు. ఆస్తుల జాబితా అయిన షెడ్యూల్ ఎ/బిలో ప్రపంచంలో ఎక్కడున్నా రాయాలి. అమ్మ పేరుతో కలిపి ఉన్న ప్లాటు, నాన్న పోయాక పంచుకోని పొలంలో వాటా, ఎన్‌ఆర్‌ఈ ఖాతా, పీపీఎఫ్, లాకర్లో బంగారం, అన్నీ. "ఇండియాలో ఉన్నది వాళ్లకెలా తెలుస్తుంది" అనుకుని వదిలేస్తే మొత్తం డిశ్చార్జే తిరస్కరిస్తారు, క్రిమినల్ కేసులో 5 ఏళ్లదాకా జైలు కూడా ఉంది. అటెస్టేషన్ ఫారంలోనూ ఆస్తుల భాగం ఉంది. రెండింటిలో రాసింది ఒకటే ఉండాలి, లాయర్లు మొదట పట్టుకునే తేడా అదే.

దివాలాకు ముందు ఏడాదిలో బాబాయి బాకీ తీర్చి మిగతావాళ్లకు ఎగ్గొడితే, ట్రస్టీ (దివాలా కేసులో ఆస్తులు చూసే అధికారి) ఆ డబ్బు బాబాయి దగ్గర నుంచి వెనక్కి లాగొచ్చు. రెండేళ్లలో తమ్ముడి పేరున రాసిన ప్లాటూ అంతే. అలాంటి ఆలోచన ఉంటే ముందు ఆపండి, రాసేశాక దాచకండి, ట్రస్టీకి చెప్పండి.

ఇంటికి పంపే డబ్బు: అమ్మానాన్నలు వృద్ధులో జబ్బుపడ్డవాళ్లో అయి, తామే గడుపుకోలేకపోతే ఖర్చులో చూపొచ్చు. బ్యాంకు బదిలీ రికార్డులూ మందుల బిల్లులూ జతచేయండి. చేతిలో పెట్టి పంపినదానికి విలువ లేదు.

17. గోదారిగట్టు

గ్రీన్‌కార్డుతో ఉన్న తల్లిదండ్రులు పిల్లల కోసం పేరెంట్ ప్లస్ తీసుకున్నారు. ఇప్పుడు నాన్నకు 67, చిన్న ఉద్యోగం. పిల్లవాడు బాగా సంపాదిస్తున్నాడు. పిల్లవాడి జీతం లెక్కలోకి వస్తుందా?

18. అట్లాంటా_రమణి

పేరెంట్ ప్లస్‌లో బాకీదారు తల్లో తండ్రో, పిల్లవాడు కాదు. 65 దాటాడు కాబట్టి రెండో మెట్టు దగ్గర ఆయనకు అనుకూలమైన భావన ఉంది. పిల్లవాడు ఒకే ఇంట్లో ఉంటే, ఖర్చుల్లో అతను ఇచ్చే వాటా ఇంటి ఆదాయంలోకి వస్తుంది. వేరే ఊళ్లో ఉండి నెల నెలా పంపుతుంటే అది క్రమమైన ఆదాయంగా చూపాలి. పంపకపోతే అతని జీతం వీళ్లది కాదు. పాత వాయిదాలు కొడుకు ఖాతా నుంచి వెళ్లి ఉంటే దాచొద్దు, లోన్ మీద చెల్లింపు జరిగిందన్నది నిజాయితీ ప్రయత్నానికి సాక్ష్యంగా చూపొచ్చు.

పూర్తి రద్దు రాకపోయినా కొంత భాగం రద్దుకు ఒప్పుకునే అధికారం ప్రభుత్వ లాయరుకు ఉంది. నెలకు 150 కట్టగలిగితే, దానికి సరిపడా మొత్తం ఉంచి మిగతాది తీసేయమని అడగొచ్చు.

19. లెక్కలమాస్టారు

పన్ను సంగతి. ఆదాయపు ప్లాన్‌లో 20, 25 ఏళ్లకు వచ్చే మాఫీకి ఉన్న ఫెడరల్ పన్ను మినహాయింపు 2025 చివరితో ముగిసింది. దివాలాలో రద్దయినదానికి పన్ను లేదు, అది ఇప్పటికీ అలాగే ఉంది. 1099-సి (అప్పు రద్దయిందని పంపే పన్ను ఫారం) వస్తే అందులో కోడ్ "ఎ" ఉందో లేదో చూడండి, అది దివాలా కోడ్. రిటర్న్‌తో, ఆ రద్దుకు పన్ను లేదని చూపే ఫారం 982 జతచేయాలి. అది పెట్టకుండా వదిలేస్తే ఐఆర్ఎస్ కంప్యూటరు ఆ మొత్తాన్ని ఆదాయంగానే చూసి నోటీసు పంపుతుంది.

20. కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నా వంతుగా ఒకటే. శాశ్వత వైకల్యం ఉన్నవాళ్లు దివాలాకు పోకముందు టీపీడీ (పూర్తి, శాశ్వత వైకల్యం) రద్దుకు దరఖాస్తు చేయండి, డాక్టరు ధ్రువీకరణతో అవుతుంది, కోర్టు అక్కర్లేదు. కాలేజీ మూతపడ్డవాళ్లకూ వేరే రద్దు ఉంది. ప్రభుత్వ, నాన్-ప్రాఫిట్ ఉద్యోగంలో మాఫీకి కావలసిన 120 వాయిదాలకు దగ్గర్లో ఉన్నవాళ్లు ఆ లెక్క ముందు చూసుకోండి. "మీ లోన్ తీయిస్తాం" అని ఫోన్ చేసి ముందే డబ్బు అడిగేవాళ్లకు మాత్రం ఇవ్వకండి, అలా ముందస్తు రుసుం అడగడం అక్కడ నిషేధం.

గోదారిగట్టు గారూ, మీరడిగిన తండ్రిగారి విషయంలో మొదటి పని స్టూడెంట్ ఎయిడ్ ఖాతా ఆయన పేరుతోనే తెరవడం. ప్లస్ లోన్లు కొడుకు లాగిన్‌లో చూస్తే సరిగ్గా కనబడవు. ఆ ఫైలు దింపాక, లోన్ల తేదీలూ రకాలూ ఇక్కడ పెట్టండి, ఖాతా నంబర్లు చెరిపేసి.

21. గోదారిగట్టు

రెండు లోన్లు, రెండూ డైరెక్ట్ ప్లస్, 2011లో ఒకటి, 2012లో ఒకటి. 2017లో రెండూ కలిపి కన్సాలిడేట్ అయినట్టుంది. దివాలా ఇంతకుముందు ఎప్పుడూ వేయలేదు.

22. సెయింట్‌లూయిస్_శ్రీను

అయితే కన్సాలిడేషన్ తేదీతో ఇబ్బంది లేదు, కొత్త కేసే కదా. ఒకటే చూసుకోండి: 10 ఏళ్ల లెక్కలో కన్సాలిడేషన్‌కు ముందు కాలం కూడా కనబడాలంటే పాత రెండు లోన్ల వరుసలూ, అవి "పెయిడ్ ఇన్ ఫుల్ త్రూ కన్సాలిడేషన్" అని చూపించే వరుసలే, ఫారంకు జతచేయండి. అవి లేకుంటే విద్యాశాఖ రికార్డులో 2017 నుంచే మొదలైనట్టుంటుంది. 65 దాటిన భావన ఎలాగూ ఉంది, అయినా రెండూ చూపించండి.

ఇప్పుడున్న అటెస్టేషన్ ఫారం న్యాయశాఖ సైటు నుంచే దింపండి. పాత కాపీలు బయట తిరుగుతున్నాయి, ఐఆర్ఎస్ ప్రమాణాల అంకెలు ఏటా మారతాయి. నింపాక ఖర్చుల పేజీ షెడ్యూల్ జె (దివాలా పిటిషన్‌లో నెల ఖర్చుల జాబితా) పక్కన పెట్టి వరుసవరుసా కలిపి చూడండి. అద్దె ఒకచోట 1,450, ఇంకోచోట 1,400 అని ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది.

23. గోదారిగట్టు

సరేనండి. ఈ వారంలో ఆయనతో కూర్చుని షెడ్యూల్ జె మొదలుపెట్టిస్తాం. అద్దె రసీదులు నగదువే ఉన్నాయి, ఇంటి యజమాని ఉత్తరం సరిపోతుందా?

24. ప్లేనో_పద్మజ

సరిపోతుంది. తేదీ, నెలకు ఎంత, ఎప్పటి నుంచి అన్నవి అందులో ఉండాలి, సంతకం ఉండాలి. నగదు తీసిన బ్యాంకు స్టేట్‌మెంట్లు మూడు నెలలవి కలిపితే ఇంకా బలం. వచ్చే నెల నుంచి చెక్కుతో కట్టమనండి.